డిగ్రీ పిల్లలకు దారి చెప్పేదెవరు?

అల్లవరంలో మాది నెట్ సెంటరు. జెరాక్సులు, పాన్ కార్డులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఉద్యోగాల ఫారాలు, ఏదొస్తే అది చేస్తాం. డిగ్రీ వెబ్ ఆప్షన్లు తెరిచారంటే మాత్రం షాపులో నిలబడటానికి చోటుండదు. 2020 నుంచి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే కదా, గోడి, కొమరగిరిపట్నం, బెండమూర్లంక నుంచి కూడా పిల్లలు వస్తారు. సర్టిఫికెట్లు స్కాన్ చేయడానికీ ఓటీపీలకీ పట్టే సమయం ఎంతో కాదు. సమయమంతా ఒక్క ప్రశ్న దగ్గరే పోతుంది. "అక్కా, ఏ గ్రూపు పెట్టమంటారు?"

పక్కనున్న తల్లి "మాకేం తెలుసమ్మా, దేనికి ఉద్యోగం వస్తే అది పెట్టెయ్యి" అంటుంది. వెనకున్నవాళ్లు తొందరపెడుతుంటారు. సర్వర్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. నాకు తోచింది నేను చెబుతాను. కానీ నేను బీకాం చదివి కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని. మైక్రోబయాలజీకీ ఆక్వాకల్చర్‌కీ తేడా ఏమిటో, ఏది చదివితే పీజీకి ఎక్కడికి వెళ్లొచ్చో, లెక్కల్లో వెనకబడ్డ పిల్ల డేటా సైన్స్ పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఆ పని తెలిసిన మనిషి ఉండాలి. అలాంటి మనిషి లేకపోబట్టే నా మాట మీద, పక్కింటి అన్నయ్య మాట మీద, కాలేజీ వాళ్లు ఇంటింటికీ పంచిన కరపత్రం మీద మూడేళ్ల చదువు తేలిపోతోంది.

2023-24 నుంచి ఈ నిర్ణయం ఇంకా బరువైంది. అంతకు ముందు బీఎస్సీ అంటే ఎంపీసీయో బీజడ్‌సీయో, మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవారు. ఒకటి తలకెక్కకపోయినా రెండోదాన్ని పట్టుకుని పీజీకి పోయేవారు. ఆ ఏడాది ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ అన్న పద్ధతి తెచ్చారు. ఒక్కదాన్నే లోతుగా చదవాలన్న ఉద్దేశం మంచిదే. అయితే పదిహేడేళ్ల పిల్ల ముందు అన్ని పేర్లు పరిచి ఒకటి ఏరుకోమన్నప్పుడు, పక్కన కూర్చుని విడమరిచి చెప్పే మనిషిని కూడా పెట్టాలి కదా.

కాలేజీల్లో ఆ ఏర్పాటు లేదా అంటే, కాగితం మీద ఉంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ తనిఖీలో ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటర్ ఉన్నారో చూస్తారు, కెరీర్ కౌన్సెలింగ్ ఎంతమందికి అందిందో లెక్క అడుగుతారు. ఆ లెక్కల కోసం జాబితాలు తయారవుతాయి. మా షాపుకొచ్చే పిల్లలను మీ మెంటర్ ఎవరని అడిగితే పేరు చెప్పలేనివాళ్లే ఎక్కువ. లెక్చరర్లను నేను తప్పుపట్టడం లేదు. క్లాసులు, పరీక్షల డ్యూటీలు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, అన్నీ వాళ్ల మీదే. చాలని జీతానికి ఇన్ని పనులు మోస్తున్న మనిషికి తరగతి నిండా పిల్లల భవిష్యత్తు కూడా అప్పజెబితే అది జరిగే పనేనా?

ఇక ఇంటర్న్‌షిప్పులు. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది చివర రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది చివర మరో రెండు నెలలు, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం పని దగ్గరే. ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నేను బీకాంలో మూడేళ్లూ లెడ్జర్లు రాశాను, ఒక్క దుకాణం బిల్లు పుస్తకం తిరగేయలేదు. నా తర్వాతి పిల్లలకు ఆ గతి పట్టకూడదని చేసిన మార్పు ఇది.

కానీ నా దగ్గరికి బైండింగ్‌కు వస్తున్న రిపోర్టులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పెన్‌డ్రైవ్ తెచ్చి స్పైరల్ చేయమంటారు. ప్రింటు తీస్తూ చూస్తాను కదా. కంపెనీ పరిచయం, లక్ష్యాలు, వారం వారం నేర్చుకున్న అంశాలు, అక్షరం తేడా లేకుండా అవే పేజీలు. అట్ట మీద పేరు మారుతుంది, లోపల కృతజ్ఞతల పేజీలో వేరే పిల్ల పేరు ఉండిపోతుంది. వెనక సర్టిఫికెట్ ఉంటుంది, ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లో రెండు నెలలు పనిచేసినట్టు. డబ్బు కడితే నాలుగు వీడియోలు పంపి, అవి చూసినా చూడకపోయినా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు పుట్టుకొచ్చాయి. పిల్లల ఫోన్లకు ఇంటర్న్‌షిప్ గురించి ముందుగా చేరే సమాచారం వాళ్లదే. ఒక కుర్రాడు కాగితాలు తీసుకుంటూ "అక్కా, ఇందులో సంతకం పెట్టినాయనెవరో కూడా నాకు తెలీదండి" అన్నాడు. తల దించుకుని చెప్పాడు. తల దించుకోవాల్సింది వాడు కాదు. వెతుక్కోమని చెప్పి, ఎక్కడ వెతకాలో చెప్పకుండా వదిలేసినవాళ్లు.

వాడి పరిస్థితిలో ఎవరున్నా ఏం చేస్తారు? హైదరాబాదో విశాఖో వెళ్లి ఉందామంటే హాస్టలు ఖర్చు ఎవరిస్తారు? మా కోనసీమకు రైలు ఇంకా రానే లేదు, కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు, కానీ అది 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండి, పూర్తికాలం చదువులో లేనివాళ్లకేనని అప్పట్లో నిబంధన పెట్టారు. కాలేజీలో ఉంటూ తప్పనిసరి ఇంటర్న్‌షిప్ చేయాల్సిన పిల్లలకు అందులోంచి పైసా రాలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్టు తప్పింది, అది నిజంగా పెద్ద సాయం. ఇక వాళ్లు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరంలో పని దొరకాలి.

దొరకదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మా షాపుకొచ్చే ఒకమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీస్తాడు. వాళ్ల మేడమ్ ఒకావిడ పట్టుబట్టి ఆ పిల్లను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేర్పించారు. పొద్దున్నే రైతులు సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని వస్తారు. కాలేజీలో ఏ బ్యూరెట్‌తో టైట్రేషన్ చేసిందో అదే బ్యూరెట్‌తో ఆల్కలినిటీ చూసింది, హార్డ్‌నెస్ చూసింది. అమ్మోనియా ఎంతుందో రాసింది. ప్లేటు మీద పచ్చ కాలనీలు ఎన్ని, పసుపువి ఎన్ని అని లెక్కపెట్టి విబ్రియో బ్యాక్టీరియా సంగతి చెప్పడం నేర్చుకుంది. "కాలేజీలో ఒక చుక్క ఎక్కువ పడితే ఒక మార్కు పోయేదక్కా, ఇక్కడ రైతు అక్కర్లేని మందు చెరువులో పోస్తాడు" అంది. తన రిపోర్టు ప్రింటు తీసినప్పుడు అందులో చేత్తో గీసిన పట్టికలున్నాయి, తేదీలున్నాయి, నీళ్ల మరకలు కూడా స్కాన్‌లో పడ్డాయి. పీజీకి ఏ సబ్జెక్టు రాయాలో ఇప్పుడు ఆ పిల్ల ఎవరినీ అడగడం లేదు.

ఇంతకీ ఆ మేడమ్ చేసిందేమిటి? ల్యాబు ఓనరుకు ఫోను చేశారు, ఉత్తరం రాసిచ్చారు, మధ్యలో వెళ్లి పిల్ల ఏం చేస్తోందో చూసొచ్చారు. అది ఆవిడ మంచితనం. మంచితనం ఉన్న మేడమ్ దొరికిన పిల్లకే అలాంటి అవకాశం రావడం నాకు నచ్చడం లేదు.

చోట్లకు కొదవ లేదు. మా మండలంలోనే ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది, సముద్రంలో తీసిన గ్యాసు అక్కడ ఒడ్డుకు చేరుతుంది. ఓఎన్‌జీసీ ఇటీవలి ఏళ్లలో అప్రెంటిస్‌ల కోసం నోటిఫికేషన్లు ఇస్తోంది. వాటిలో రాజమహేంద్రవరం, కాకినాడ కేంద్రాలుంటాయి, బీకాం, బీఎస్సీ చదివినవాళ్లకూ చోటుంటుంది. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2019లో నిబంధనలు మార్చారు. ఈ సంగతి పిల్లలకు ఎప్పుడు తెలుస్తుందంటే, గడువు ఆఖరి సాయంత్రం ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో చూసి మా షాపుకు పరిగెత్తుకొస్తారు. టెర్మినల్ దీపాలు ఇంటి డాబా మీంచి కనిపించే పిల్లలు వాళ్లు.

పని నేర్చుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టుంది, ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. వ్యవసాయ సహకార సంఘాల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్యక్రమాన్ని కేంద్రం 2022లో ఆమోదించింది. సొసైటీలో రైతు అప్పు పద్దు ఎలా నడుస్తుందో రెండు నెలలు చూసిన బీకాం పిల్ల బ్యాంకు ఇంటర్వ్యూలో తడబడదు.

కాలేజీ పిల్లలను పనికి పంపడం మన దేశంలో కొత్త కాదు. బిట్స్ పిలానీ 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. పిల్లలను కంపెనీకి పంపి ఊరుకోలేదు, అధ్యాపకులనూ అక్కడికి పంపి, పిల్లల పని దగ్గరుండి చూడమంది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో పుట్టినప్పటి నుంచీ ఒక టర్ము చదువు, ఒక టర్ము జీతంతో పని అన్న పద్ధతి నడుపుతోంది. పని ఇచ్చేవాళ్లను వెతికి తేవడానికి అక్కడ ప్రత్యేకంగా జీతాలిచ్చి సిబ్బందిని పెట్టుకున్నారు. మన ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనూ ఉపాధి సమాచార, మార్గదర్శక బ్యూరో ఉంది. కానీ కోనసీమ డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది చదివేది విశాఖ క్యాంపస్‌లో కాదు, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో. అంత దూరంలో ఉన్న ఆఫీసు వాళ్లకు అక్కరకు రాదు.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. నాలుగైదు కాలేజీలకు కలిపి ఒక సలహాదారును పెట్టండి. పాఠాలు చెప్పే పని వేరే పెట్టకుండా, ఈ పనికే జీతమివ్వండి. వెబ్ ఆప్షన్లు తెరవకముందే ఆ మనిషి ఇంటర్ కాలేజీలకు వెళ్లి ఏ మేజర్‌లో ఏముందో చెప్పాలి. మిగతా ఏడాదంతా ల్యాబులు, సొసైటీలు, ఆడిటర్ల ఆఫీసులు, కొబ్బరి పీచు యూనిట్లు తిరిగి చోట్లు అడగాలి. పిల్లలు చేరాక వెళ్లి చూడాలి. సర్టిఫికెట్ మీద పని చేయించినవారి ఫోన్ నంబరుండాలి, విశ్వవిద్యాలయం ఆ నంబరుకు ఫోను చేసి అడగాలి. పిల్లల దగ్గర డబ్బు పుచ్చుకునే ఏ సంస్థ సర్టిఫికెట్టూ చెల్లదని చెప్పేయాలి.

దీనికి డబ్బెక్కడిదంటారు. ఒక్కో బ్యాచ్ పిల్లలు దొంగ సర్టిఫికెట్లకు కడుతున్న డబ్బంతా పోగేస్తే ఆ సలహాదారు జీతంలో చాలా భాగం వస్తుందని నా నమ్మకం. ఎలాగూ ఆ సొమ్ము తల్లిదండ్రుల జేబులోంచే పోతోంది.

చిన్న వ్యాపారులు కాలేజీ పిల్లలను దగ్గరికి రానివ్వరన్న మాట కూడా వింటున్నాను. అందుకని మాకు తెలిసిన కొబ్బరి కమీషన్ వ్యాపారిని అడిగాను. "పంపితే పెట్టుకుంటామమ్మా. లారీ కిరాయిలు, రైతుల పద్దులు రాసేవాళ్లు లేక మేమే అవస్థ పడుతున్నాం. కానీ ఎవరో వచ్చి కాలేజీ నుంచంటే ఎలా నమ్మేది? నాలుగు రోజులొచ్చి మానేస్తే ఎవర్ని అడగాలి?" అన్నారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, ఫోను చేస్తే పలికే ఒక మనిషి ఉంటే ఈ ఏడాదే ఇద్దరిని తీసుకుంటానన్నారు. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే పెడతామన్నారు.