ఓట్లన్నీ పడ్డాయి, తేదీ మాత్రం పడలేదు

2023 సెప్టెంబర్ 21న గద్వాలలోని మా ఇంట్లో రాత్రి వంట బాగా ఆలస్యమైంది. రాజ్యసభలో మహిళా రిజర్వేషన్ బిల్లు మీద చర్చ టీవీలో వస్తుంటే, పొయ్యికీ టీవీకీ మధ్య తిరగడమే సరిపోయింది నాకు. "నువ్వేమన్నా ఎంపీవా?" అని మావారి ఎగతాళి ఒకటి!

ఆ ఒక్కరోజు సభ నడిపేందుకు 13 మంది మహిళా సభ్యులతో ఉపాధ్యక్షుల ప్యానెల్ వేశారు. పరుగుల రాణి పి.టి.ఉష కూడా అందులో ఉన్నారు. స్త్రీని పొగడడంలో ఏ పార్టీ వాళ్లూ తగ్గలేదు. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం లేదు కానీ, చర్చలో ప్రతిపక్షాలు రెండు ప్రశ్నలు గట్టిగానే అడిగాయి. బీసీ మహిళల వాటా ఏదని ఒకటి. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యేదాకా ఎందుకు ఆగాలని రెండోది. ఏ సీటు మహిళలకివ్వాలో పునర్విభజన సంఘమే తేల్చాలని ప్రభుత్వ పక్షం జవాబు. సవరణలు వీగిపోయాయి. రాత్రి పొద్దుపోయాక 214 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా!

నాకు 2010 గుర్తొచ్చింది. అప్పుడు ఇదే సభలో కాగితాలు చించారు, మార్షల్స్ సభ్యుల్ని మోసుకెళ్లారు, చివరికి 186-1తో బిల్లు గెలిచింది. లోక్‌సభలో ఓటుకే రాలేదనుకోండి. కానీ ఆ బిల్లులో జనగణన షరతు లేదు. గొడవ చేసి ఇచ్చిన దాంట్లో లేని మెలిక, చప్పట్లు కొట్టి ఇచ్చిన దాంట్లో ఉంది చూశారా?

మా వీధిలో మగ్గానికి కండెలు చుట్టే ఆమె మర్నాడు వచ్చింది. వార్త చెబితే ఒక్కటే మాట అడిగింది. "అయితే ఎప్పట్నుంచక్కా?" నేను జనగణన అన్నాను, పునర్విభజన అన్నాను. "అంటే తేదీ లేదన్నమాట" అంది. పది గంటల చర్చ విన్న నాకు అంతకన్నా ఎక్కువ తెలియదు.

ఇంకో సంగతి. ఈ చట్టం లోక్‌సభకూ, శాసనసభలకూ మాత్రమే. రాజ్యసభకు వర్తించదు! ఆ రోజు తెలంగాణ సభ్యులు ఏడుగురూ మగవాళ్లే.

మన వైపు ఆడవాళ్లు గెలవలేదా అంటే గెలిచారు. నేను పుట్టిన వనపర్తి నుంచి 1962లో కుముదినీ దేవి శాసనసభకు వెళ్లారు. గద్వాల నుంచి డి.కె.అరుణ మూడుసార్లు గెలిచారు. ఒకరు సంస్థానం ఇంటివారు, ఒకరు రాజకీయ కుటుంబం నుంచి వచ్చినవారు. వాళ్ల సమర్థతను కాదనను. కానీ అండ లేని ఆడమనిషికి టికెట్ ఎవరిస్తారు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ కలిసున్న నాగర్‌కర్నూల్ లోక్‌సభ సీటు ఎస్సీలకు రిజర్వు. కొత్త చట్టంలో ఎస్సీ సీట్లలోనూ మూడో వంతు మహిళలకే. కూలి చేసుకునే దళితుల ఇంటి ఆడపిల్ల ఢిల్లీకి వెళ్లే దారి అదొక్కటే కనిపిస్తోంది నాకు.

"సర్పంచ్ ఆమె, సంతకం ఆయనది" అని మా నాగర్‌కర్నూల్ మరిది నవ్వుతాడు. నిజమే, అలాంటివి నేనూ చూశాను. మొదటిసారి మొగుడి చాటున కూర్చున్నామె, రెండోసారి తనే ఎంపీడీఓను నిలదీయడం కూడా చూశాను. ఆ కుర్చీ ఆమెకు ఎలా వచ్చింది? 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, 1995లో మన ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి. రెండేళ్లు పట్టింది, అంతే.

ఇక్కడేమో చట్టం వచ్చాక 2024 లోక్‌సభ ఎన్నికలు రిజర్వేషన్ లేకుండానే జరిగిపోయాయి. జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. కండెలామెకు చెప్పాను, ఒక తేదీ అయితే దొరికిందని.

"అది లెక్కలకు కదక్కా" అంది. బిల్లు నెగ్గిననాడు ఆమె కూతురు ఎనిమిదో తరగతి.