మిస్ట్రా సర్వర్ కాదు

మా హాస్టల్లో 'బాల్డర్స్ గేట్ 3' పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం. అందులో గేల్ అనే మాంత్రికుడు ఉంటాడు, మేజిక్ దేవత మిస్ట్రాకి ఒకప్పటి ప్రియుడు. అతని గురించి మొదలైన వాదన రాత్రి రెండింటిదాకా నడిచింది. అసలు ఆ లోకంలో మేజిక్ ఎలా పనిచేస్తుంది?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ లోకం పేరు ఫర్‌గాటెన్ రియల్మ్స్. ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహించుకున్నది, 1987లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటకి బాక్స్ సెట్‌గా వచ్చింది. అప్పట్నుంచి ఎంతోమంది అందులో కథలు రాస్తున్నారు, గేమ్స్ చేస్తున్నారు. అక్కడ మాంత్రికుడు శక్తిని నేరుగా తాకలేడు. మధ్యలో 'వీవ్' ఉంటుంది, దాన్ని కాపాడేది మిస్ట్రా.

మా బ్రాంచ్‌లో ఎవర్ని అడిగినా ఒకటే థియరీ: వీవ్ ఆపరేటింగ్ సిస్టమ్, మంత్రం ఫంక్షన్ కాల్, మిస్ట్రా అడ్మిన్. మొన్నటిదాకా నేనూ అదే చెప్పేదాన్ని. కార్సస్ కథకి భలే సరిపోతుంది మరి. అప్పటి దేవత శక్తినే లాక్కోబోయాడు, తట్టుకోలేకపోయాడు, గాల్లో తేలే నగరాలు కూలాయి. తర్వాత వచ్చిన మిస్ట్రా అంత పెద్ద మంత్రాలకి పర్మిషనే తీసేసింది. రూట్ యాక్సెస్ అడిగితే ఇంతే అని నవ్వుకునేవాళ్లం.

కానీ అదే మిస్ట్రా, క్షమిస్తానని ఆశ చూపించి గేల్‌ని పేలిపొమ్మంటుంది. ఏ సర్వర్ అలా అడుగుతుంది?

ఇంకో చిక్కు, వాళ్ల లెక్కలో 1358వ సంవత్సరం. మిస్ట్రా చచ్చిపోయింది, మేజిక్ అదుపు తప్పింది. కొత్త మిస్ట్రా వచ్చాక కూడా కొన్ని చోట్ల మంత్రం అస్సలు పనిచెయ్యదు, కొన్ని చోట్ల పిచ్చిపిచ్చిగా పనిచేస్తుంది. రీస్టార్ట్ చేస్తే పోవాలి కదా? 'డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అనుకోవే, కొన్ని నోడ్లు పోయాయి' అంది మా రూమ్మేట్. దానికి ప్రతిదానికీ ఒక నోడ్ దొరుకుతుంది. మాకు సెమిస్టర్లో ఏది చదివితే లోకమంతా అదే కనిపిస్తోందని నా అనుమానం.

ఇది తెలుగులో రాయాలి కాబట్టి 'వీవ్'ని ఏమనాలో అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను. తాతయ్య ఉన్నప్పుడు ఇంట్లో మగ్గం ఉండేది. 'నేత' అంది. పడుగు, పేక అనే మాటలు కూడా అప్పుడే విన్నా (ఇంగ్లిష్ మీడియం పుణ్యం). మధ్యలో పోగులు తెగితే? 'అతుకుతాం. చూసుకోకపోతే అక్కడ చిల్లు పడుద్ది. మిగతా చీర చీరే.'

నా థియరీ ఇప్పుడు అదే. మంత్రం పనిచెయ్యని చోట్లు చిల్లులు. వీవ్ అంటే పోలిక కాదు, నిజంగా బట్టే.

ఇదంతా టైం వేస్ట్ అని ఒక సీనియర్ అన్నాడు. 1989లో ఆట రెండో ఎడిషన్ వచ్చింది, రూల్స్ మార్చడానికి దేవతని చంపారు, అంతే అంటాడు. నిజమే. 2008లో నాలుగో ఎడిషన్‌కి మళ్లీ చంపారు, 2014లో ఐదో దానికి మళ్లీ తెచ్చారు. అయితే ఏంటి? కారణం ఆఫీసులో పుట్టినా, ఆ చిల్లులు కథలో ఉన్నాయి. థియరీ వాటికి జవాబు చెప్పాలి.

పైగా 2001 పుస్తకంలో, మిస్ట్రా శత్రువు షార్‌కి సొంతంగా 'షాడో వీవ్' ఉంది. వీవ్ పోగుకీ పోగుకీ మధ్య ఉన్న ఖాళీయే అది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ ఖాళీ ఏదో మా రూమ్మేట్ ఇంకా చెప్పలేదు.