ముద్దు మీది... ముప్పు మాదా?

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఓ అపార్టుమెంటుకు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల డెలివరీ కుర్రాడి వెంట ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ పడింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కిందపడిన అతను ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ ఏడాది మే నెలలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగి డాబర్‌మన్‌కు హడలిపోయి మూడో అంతస్తు నుంచే దూకి గాయపడ్డాడు. ఈ రెండింటికీ నడుమ, ఫిబ్రవరిలో, అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ ఘోరం రాష్ట్రాన్నంతా కుదిపింది, హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది. అప్పటి నుంచి మన దగ్గర కుక్కల గొడవ అంటే వీధికుక్కల గొడవే. మిగతా రెండు ఘటనలూ రెండు రోజుల వార్తలుగా మిగిలిపోయాయి. వీధికుక్కల సమస్య తీరాలంటే శస్త్రచికిత్సలు, షెల్టర్లు, సిబ్బంది, కోట్ల రూపాయలు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. బంజారాహిల్స్, మణికొండల్లో కావలసింది గొలుసు పట్టుకున్న ఒక చెయ్యి మాత్రమే. ఇంత తేలిగ్గా ఆపగలిగిన ప్రమాదాన్ని మనం ఆపడం లేదంటే, కుక్కను పెంచుకునేవారి బాధ్యతను ఇంకా వారి మంచితనానికే వదిలేశామన్నమాట. దాన్ని చట్టం గట్టిగా అడిగి తీసుకోవలసిన బాకీగా మార్చాలి.

చట్టం లేదా అంటే, ఉంది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలే పెంపుడు కుక్కలను, వీధికుక్కలను విడదీసి, పెంపుడు కుక్కకు టీకాలు, సంతాన నియంత్రణ, లైసెన్సు యజమాని బాధ్యత అని తేల్చాయి. వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలూ ఈ తేడాను కొనసాగించాయి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ఆస్కారం ఉందని తెలిసి కూడా, లేదా నిర్లక్ష్యం వల్ల, తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా వెయ్యి రూపాయలే. ఈ సెక్షన్ కరిచిన తర్వాతి సంగతి చెప్పడం లేదు. ప్రమాదానికి ఆస్కారం ఉండి జాగ్రత్త పడకపోవడమే నేరమంటోంది. అంటే పిల్లలు ఆడుకునే చోట పెద్ద కుక్కను గొలుసు లేకుండా వదిలినవారిపై, ఎవరికీ గాటు పడకముందే కేసు పెట్టే వీలుంది.

ఆచరణలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. 2024 మేలో చెన్నై థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ల పాపను చీరేశాక యజమాని అరెస్టయ్యాడు. 2025 మేలో అహ్మదాబాద్‌లో పెంపుడు రాట్‌వీలర్ నాలుగు నెలల పసికందును బలిగొన్నాకే అక్కడి కార్పొరేషన్ అప్పటికే ఉన్న పెంపుడు కుక్కల నమోదు నిబంధనను గట్టిగా పట్టించుకుంది. రక్తం కళ్లజూసేదాకా కదలని వ్యవస్థకు ముందుచూపు ఎక్కడి నుంచి వస్తుంది? దేశంలో 2024లో దాదాపు 37 లక్షల కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పార్లమెంటులోనూ టీవీల్లోనూ నలిగిన ఆ మొత్తంలో వీధికుక్కల వాటా ఎంత, పెంపుడు కుక్కల వాటా ఎంత అన్న చర్చ పెద్దగా వినిపించలేదు. కరిచిన కుక్క ఎవరిదో రాసుకోని చోట, బాధ్యత ఎవరిదో అడిగే ప్రశ్న కూడా పుట్టదు.

గొలుసు మాట ఎత్తగానే మొదట వినిపించే జవాబు ‘మావాడు ఏం చేయడండీ’ అన్నది. చాలాసార్లు అది నిజమే కావచ్చు. ఇంట్లోవాళ్లకు తమ కుక్క తోక ఎలా ఊపితే ఏమిటో, చెవులు ఎప్పుడు నిక్కబొడుస్తుందో తెలుసు. ఎదురుగా వచ్చే మనిషికి అదేమీ తెలియదు, తెలుసుకునే వ్యవధీ ఉండదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను తన పిక్కల మీద పరీక్షించుకోవాలని ఎవరూ కోరుకోరు. బంజారాహిల్స్ కుర్రాడి ప్రాణం తీసింది కుక్క పన్ను కాదు, కుక్క భయం. మణికొండ ఉద్యోగిని దూకించిందీ అదే. కాబట్టి కరుస్తుందా, కరవదా అన్న ప్రశ్న దగ్గరే ఆగితే వాదం సగంలో ఆగినట్టే. పెద్ద కుక్క అదుపు లేకుండా మీదికి రావడమే ఒక హాని. వృద్ధుడు మెట్ల మీద తూలి పడటానికి, స్కూటర్ మీద వెళ్తున్నామె అదుపు తప్పడానికి, పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తడానికి ఆ క్షణం చాలు.

పైగా ఆ భయాన్ని ఎవరు మోస్తున్నారో చూడాలి. పక్క ఫ్లాట్ ఆయనకు కోపం వస్తే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నాలుగు మాటలు రాస్తాడు, మీటింగులో నిలదీస్తాడు. పార్శిల్ తెచ్చేవాడు, పాలు వేసేవాడు, చెత్త తీసుకెళ్లేవాడు, పని చేయడానికి వచ్చే ఆమె, మీటర్ రీడింగుకు వచ్చేవాడు ‘ముందు మీ కుక్కను కట్టేయండి’ అని ఎంత గట్టిగా అనగలరు? గడప దాటి లోపలికి రావడం వాళ్ల బతుకుతెరువు, ఆలస్యమైతే కోత పడేదీ వాళ్ల సంపాదనకే. చెన్నై పార్కులో గాయపడిన పాప ఆ పార్కు కాపలాదారు కూతురు. కుక్కను తెచ్చుకోవాలా వద్దా అన్న నిర్ణయంలో యజమానికి నూటికి నూరుపాళ్లు చోటుంది, ఎదుటివారికి ఏ చోటూ లేదు. ఎంచుకున్నవాడే భారం మోయాలన్నది న్యాయంలో మొదటి పాఠం. గొలుసు నిబంధనకు పునాది ఇదే, కుక్కల మీద కోపం కాదు.

టీకాలు వేయించామన్న భరోసా కూడా పూర్తి జవాబు కాదు. ప్రపంచవ్యాప్తంగా రేబిస్ ఏటా సుమారు 59,000 మందిని చంపుతోందని, అందులో దాదాపు 36 శాతం మరణాలు భారత్‌లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత వైద్య పరిశోధన మండలి ఇటీవలి అధ్యయనం దేశంలో ఏటా 5,700 మంది దాకా చనిపోతున్నారని చెప్పింది. అంచనాల్లో తేడా ఉన్నా, లక్షణాలు బయటపడ్డాక బతికేది దాదాపు ఎవరూ లేరన్నదాంట్లో తేడా లేదు. అందుకే పెంపుడు కుక్క కరిచినా వైద్యులు టీకా కోర్సు మొదలుపెడతారు. కుక్కను పది రోజులు కనిపెట్టి, అది ఆరోగ్యంగా ఉందని తేలితే మిగతా డోసుల సంగతి ఆలోచిస్తారు. ఆ పది రోజుల పరిశీలన జరగాలంటే కుక్క ఎవరిదో తెలియాలి, యజమాని ఒప్పుకోవాలి, టీకా కాగితం చూపాలి. మెడలో బిళ్ల, ఒంట్లో చిప్, కార్పొరేషన్ దగ్గర నమోదు లేని కుక్క కరిచి పారిపోతే, ఎంత నాజూకుగా పెరిగిందైనా, బాధితుడికి అదీ వీధికుక్కే.

కుక్కకు స్వేచ్ఛ వద్దా అన్నది రెండో అభ్యంతరం. ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. రోజంతా బాల్కనీలో కట్టేసిన కుక్క చిరాకు పెరిగి దూకుడుగా మారుతుందని కుక్కలను ఎరిగినవారందరూ చెబుతారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమే, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడాన్ని క్రూరత్వంగా లెక్కగట్టింది. నిజానికి ఈ నిబంధన గొలుసు వాదానికి అడ్డు కాదు, తోడు. బయటికి తీసుకెళ్లాలి, చేతిలో గొలుసు ఉండాలి. రెండూ ఒకే బాధ్యతలోని భాగాలు. వదిలేసి పరుగెత్తనివ్వాలంటే కంచె ఉన్న స్థలం కావాలి. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో కార్పొరేషన్ కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. కోటి దాటిన మహానగరానికి అలాంటివి వార్డుల వారీగా ఉండాలి. విజయవాడ, విశాఖ, వరంగల్ లాంటి నగరాలూ పార్కులో ఓ మూల కంచె వేసి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కుక్కలవారిని గొలుసు పట్టమని అడిగే హక్కు, గొలుసు విప్పే చోటు చూపించిన ఊరికి మరింత ఉంటుంది.

కోపం పెరిగినప్పుడల్లా వినిపించే మరో డిమాండ్ జాతుల నిషేధం. పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని అడ్డుకోవాలని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. సంబంధితులను సంప్రదించలేదంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. బ్రిటన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ 1991లోనే ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చి, పిట్‌బుల్ టెరియర్ సహా నాలుగు రకాలను నిషేధించారు. మూడు దశాబ్దాల తర్వాత ఎక్స్‌ఎల్ బుల్లీ అనే కొత్త రకం ప్రాణాలు తీస్తుంటే దాన్నీ జాబితాకు ఎక్కించారు. 2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం నేరం. జాబితా ఎప్పుడూ నిన్నటి కుక్క గురించే చెబుతుంది. పెద్ద దవడ ఉన్న జాతి కరిస్తే గాయం పెద్దదవుతుందన్నది నిజమే కాబట్టి, అలాంటివాటికి మూతి తొడుగు, ఎక్కువ లైసెన్సు రుసుము అడగడం సబబే. కానీ బంజారాహిల్స్‌లో వెంటపడింది జర్మన్ షెపర్డ్, మణికొండలో డాబర్‌మన్. మన కాలనీల్లో ఎప్పటి నుంచో కనిపించే జాతులే. కెనడాలోని కాల్గరీ నగరం 2006లో చేసుకున్న నిబంధనల్లో జాతుల నిషేధం పెట్టలేదు, ప్రతి కుక్కకూ లైసెన్సు, ప్రతి యజమానికీ జవాబుదారీతనం పెట్టింది. మనకు నప్పేది ఆ దారి.

అపార్టుమెంటు అసోసియేషన్లు హద్దు మీరడాన్ని కూడా ఇదే తూకంతో చూడాలి. కుక్కలే ఉండకూడదని తీర్మానాలు చేయడం, లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం, అద్దెకున్నవారిని ఖాళీ చేయమనడం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అవే మార్గదర్శకాలు బయట గొలుసు వాడమనీ, మలమూత్రాలు శుభ్రం చేయమనీ యజమానులకు సూచించాయి. ఒక్కో వర్గం తనకు నచ్చిన సగాన్ని చదువుకుంటోంది. చట్టం నిద్రపోయినచోట కర్ర లేస్తుంది. 2024 మేలో హైదరాబాద్ మధురానగర్‌లో పెంపుడు కుక్క విషయమై మొదలైన తగాదా ముదిరి, యజమాని కుటుంబాన్నీ కుక్కనూ కర్రలతో కొట్టేదాకా వెళ్లింది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న పద్ధతి ఊళ్లను ఏలడం మొదలైతే మొదట నష్టపోయేది కుక్కలూ, వాటిని ప్రేమించేవారే. గట్టి నిబంధన నిజానికి వారికే రక్షణ.

లక్షల వీధికుక్కలను వదిలేసి ఇంటి కుక్కల మీద పడటమేమిటని కొందరు అడుగుతారు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని, పదకొండు రోజులకే శస్త్రచికిత్స, టీకా అయ్యాక రేబిస్ సోకినవి, దూకుడువి తప్ప మిగతావాటిని తిరిగి వదలమని, నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి తొలగించమని చెప్పింది. ఆ చిక్కుముడి అంత త్వరగా వీడదు. అది వీడేదాకా చేతిలో ఉన్న పనిని ఆపుకోవడం దేనికి? పైగా ఈ రెండు సమస్యలూ ఒకదాన్నొకటి పెంచుతాయి. మోజుతో కొని, పెరిగాక వదిలించుకున్న కుక్క, అదుపు లేని సంతానం చేరేది వీధిలోకే. నమోదైన కుక్కను వదిలేస్తే పట్టుబడతామన్న భయం ఉంటే ఆ ప్రవాహం కొంతైనా తగ్గుతుంది. పల్లెల్లో పొలం కాపలా, గొర్రెల మంద వెంట నడిచే కుక్కలకు నగర నిబంధనలు అతికించనక్కర్లేదు. అక్కడ టీకా చాలు. గొలుసు పట్టింపు జనం ఒత్తుకునే చోట్లకే.

ఇంకో అనుమానం మిగులుతుంది: లైసెన్సు అంటే మరో లంచాల గుమ్మం కాదా? ఆ భయం అబద్ధం కాదు. అందుకే రుసుము నామమాత్రంగా, నమోదు టీకా వేసే పశువైద్యుడి దగ్గరే పూర్తయ్యేలా ఉండాలి. శిక్ష కుక్కను పెంచుకున్నందుకు కాదు, వదిలేసినందుకు పడాలి. మోటారు వాహనానికి నంబరు, థర్డ్ పార్టీ బీమా అడుగుతున్నామంటే వాహనాలంటే ద్వేషం కాదు కదా. పొరపాటున ఎవరినైనా గుద్దితే వారు దిక్కులేనివారు కాకూడదని. జర్మనీలోని బెర్లిన్ లాంటి చోట్ల కుక్కకూ అలాంటి బీమా తప్పనిసరి. మన దేశంలోనూ అడుగులు పడ్డాయి. పెంపుడు జంతువు వల్ల ప్రమాదం జరిగితే 10,000 రూపాయల జరిమానా, బాధితుడి చికిత్స ఖర్చు యజమానివేనని నోయిడా అథారిటీ 2022లో ప్రకటించింది. చెన్నై కార్పొరేషన్ 2025లో లైసెన్సుతో పాటు మైక్రోచిప్ తప్పనిసరి చేసి, లైసెన్సు లేకపోతే 5,000 రూపాయల జరిమానా పెట్టింది. వీధి జంతువులు కరిస్తే ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయల పరిహారం ప్రభుత్వమే ఇవ్వాలని పంజాబ్-హర్యానా హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది. దిక్కులేని కుక్కకు సర్కారు పూచీ పడాలన్నప్పుడు, పేరూ పట్టుపరుపూ ఉన్న కుక్కకు దాని యజమాని పూచీ పడాలనడంలో అన్యాయం ఏముంది?

తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలు చేయవలసింది కొత్త చట్టాల కోసం ఎదురుచూడటం కాదు. నగరాల్లో ఇల్లు దాటిన ప్రతి కుక్కకూ గొలుసు, మెడలో నమోదు బిళ్ల తప్పనిసరి చేయాలి. తలుపు తీసేముందు కుక్కను కట్టడం యజమాని పని అని రాసిపెట్టాలి. ఫొటోతో ఫిర్యాదు చేస్తే వారంలో జరిమానా నోటీసు వెళ్లాలి, రెండోసారికి రెట్టింపవ్వాలి. గాయమైతే చికిత్స ఖర్చు, పోయిన రోజుల కూలి యజమాని చెల్లించాలి. ఆసుపత్రులు కుక్కకాటు నమోదులో అది పెంపుడుదో వీధిదో రాయాలి. పోలీసులు 291వ సెక్షన్‌ను మరణం తర్వాతి లాంఛనంగా కాక మొదటి ఫిర్యాదుకే బయటికి తీయాలి. కుక్కను కన్నబిడ్డలా చూసుకుంటామని చెప్పేవారికి ఇందులో భయపడాల్సింది ఏదీ లేదు. బిడ్డ చేసిన నష్టానికి కన్నవారు పూచీ పడటం మన లోకరీతే. ఆ పూచీకి సిద్ధంగా లేనివారు కుక్కను తెచ్చుకోకపోవడమే దానికీ, ఇరుగుపొరుగుకూ మేలు.