రెండు దినముల తీరుబడి

గత మాసమున నీ పుటలో చింతకాయ తొక్కు నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున వంటయింటి గడప దాటి, సముద్రము దాటి, యొక ముచ్చట చెప్పవలెనని యున్నది. గత దసరా సెలవులలో మేము ఇంగ్లండు దేశమునకు పోయి వచ్చితిమి. షెఫీల్డు పట్టణమున వైద్యశాలలో పనిచేయుచున్న మా చిన్ననాటి నెచ్చెలి రాకపోకల వ్యయము తానే భరించి మమ్ము పిలిపించుకొనెను. పిల్లలిద్దరిని మా వారికిని అత్తగారికిని అప్పగించితిమి. బడిలో నూర్గురిని నిలువరింపగలవారు ఇంట నిద్దరిని నిలువరింపలేకపోరని ధైర్యము చెప్పుకొంటిమి.

ఆ దేశమున శని, ఆదివారములు నెచ్చెలులతో గూడి యూరు విడిచి పోవుట చాలమందికి పరిపాటి. ఫుట్‌బాల్ ఆట చూతురు, కొండబాటల నడతురు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పబ్బులో గూర్చుండి భుజింతురు. మా నెచ్చెలి, ఆమె పండ్రెండేండ్ల కూతురు, ఆమెతో పనిచేయు నిరువురు ఆంగ్లవనితలు, మేము, కలసి యైదుగురము బయలుదేరితిమి. “ఏ పనిమీద పోవుచున్నాము?” అని యడిగితిమి. “పని యేమియు లేదు. అందుకే పోవుచున్నాము” అని మా నెచ్చెలి నవ్వెను.

ఆ మాట మా మనస్సున నాటుకొనెను. నీళ్లకో, గుడికో, అంగడికో, పేరంటమునకో గడప దాటితిమి గాని, యే పనియు లేక దాటిన దినము మాకు జ్ఞాపకము రాలేదు. మనుచరిత్రములోని ప్రవరుడు ఇల్లాలి నింట నుంచి హిమాలయమును చూడబోయెను. ఆ యిల్లాలు ఏ కొండను చూడగోరెనో పెద్దన మనకు చెప్పలేదు.

శనివారము మధ్యాహ్నము షెఫీల్డులోని శాండీగేటు మైదానమునకు పోయితిమి. హాలమ్ అను సంఘమువారు 1860వ సంవత్సరమునుండి యిచ్చట నాడుచున్నారు. లోకమునందలి ఫుట్‌బాల్ మైదానములలో నిదియే మిక్కిలి ప్రాచీనమని ప్రసిద్ధి. నాడు వారితో తొలియాట యాడిన షెఫీల్డు సంఘము 1857లో పుట్టినది. అట్టి సంఘములలో నదియే వయసున పెద్దది. జట్టునకు 11 మంది. 45 నిమిషముల చొప్పున రెండు భాగములు. మైదానము చదును గాదు, వాలుగా నున్నది. అయినను విరామానంతరము జట్టులు దిక్కులు మార్చుకొనును గనుక వాలువలని లాభనష్టము లిరువురికిని సమానమగును. సంసారమున నిట్టి దిక్కుమార్పు లేదు గదా యని మాకు తోచెను.

మా నెచ్చెలి కూతురు తన బడి జట్టులో నాడును. “పెద్దమ్మా, చిన్నప్పుడు నీవు ఆడలేదా?” అని యడిగెను. ఏమి చెప్పుదుము? ఎనిమిదేండ్ల ప్రాయమున అన్నగారి బంతిని పెరటిలో నొకమారు తన్నితిమి. ఆడపిల్ల అట్లు కాలెత్తరాదని బామ్మగారు మమ్ము లోపలికి లాగికొనిపోయిరి. ఆ వారమే మా తండ్రిగారు దశకుమారచరిత్రమును చెప్పుచు, కందుకావతి యను రాజకన్య దేవీ ప్రీతికై బంతులాడిన ఘట్టమును వర్ణించిరి. మఱికొంత కాలమునకు కుమారసంభవమున పార్వతి మందాకినీ సైకతములపై బంతులతో నాడుకొనుటయు చదివితిమి. గ్రంథమునం దాడిన కన్యలకు వర్ణనలు. పెరటిలో నాడిన మాకు చీవాట్లు. ఆ భేదమును గూర్చి నాడు అడుగుటకు మాకు నోరు రాలేదు.

ఆ యిరువురు ఆంగ్లవనితలలో నొకరు ప్రెస్టన్ పట్టణమువారు. ఆట ముగిసిన పిదప ఆమె చెప్పిన కథ విని మే మాశ్చర్యపడితిమి. మొదటి మహాయుద్ధ కాలమున 1917లో ఆ పట్టణమందలి డిక్, కెర్ కర్మాగారపు పనికత్తెలు ఫుట్‌బాల్ జట్టుగా నేర్పడిరి. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలు నగరమందలి గూడిసన్ పార్కులో వారి యాటను 53,000 మంది చూచిరి. చోటు చాలక వేలమంది వెలుపలనే నిలిచిపోయిరట. మరుసటి యేడు, 1921 డిసెంబరు 5వ తేదీన, ఆ దేశపు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, తన సంఘముల మైదానములలో వారి నాడనీయరాదని కట్టడి చేసెను. ఆడలేనందున గాదు, ఆడగలిగినందుననే తలుపు మూసిరని ఆమె యభిప్రాయము. ఆ కట్టడి సుమారు 50 ఏండ్లు నిలిచి 1971లో తొలగెను. 2022 జూలై 31వ తేదీన వెంబ్లీ మైదానమున ఇంగ్లండు వనితలు జర్మనీ వనితలను 2–1తో గెలిచి యూరపు విజేతలైనప్పుడు చూడవచ్చినవారు 87,192 మంది. “మా బామ్మ బామ్మగారి పెరటిలో ఆడుకొన్నదేమో, నాకు తెలియదు, నేను మాత్రము ఆడలేదు” అని ఆమె మా చేయి పట్టుకొనెను. బామ్మగారు లే రెక్కడ?

సాయంకాలము రైలెక్కితిమి. మూడున్నర మైళ్ల టాట్లీ సొరంగము దాటగనే పట్టణము మాయమై, రాతిగోడల నడుమ గొఱ్ఱెలు మేయు పచ్చని లోయ కనబడెను. ఈడేల్ అను పల్లెలో దిగి పబ్బునకు పోయితిమి. పానశాల యనిన మాకు భయము. త్రాగుడువలన చెడిన కాపురములను మన యూళ్లలో మనము చూడనివా? ఇచ్చటనో పొయ్యిలో మంట, బల్లక్రింద నిద్రించు కుక్క, తాతలతో గూడ భుజించు పిల్లలు కనబడిరి. మేము నిమ్మపానీయమును వేడివేడి బంగాళాదుంపలను పుచ్చుకొంటిమి. ఒక్కొక్కమారు ఒక్కొక్కరు లేచి యందరికిని కావలసినవి తెచ్చుట వారి యాచారము. మా వంతున మేమును తెచ్చితిమి. ఇంత చెప్పినను మద్యమును మేము మెచ్చుకొనుట లేదు. మేము మెచ్చినది, దినమంతయు పనిచేసిన స్త్రీ నిశ్చింతగ గూర్చుండి మాటలాడుటకు ఇల్లు గాక మఱియొక చోటుండుట.

ఆ చోటును వారికి ఊరక లభింపలేదు. స్త్రీపురుష భేదము చూపరాదని 1975లో శాసనము వచ్చినను, లండనులోని ఫ్లీట్ వీధి యందలి యొక మదిరాశాలలో స్త్రీలు ముందటి బల్లకడ నిలువరాదు, వెనుక గదిలో గూర్చుండవలెను అను నియమముండెను. ఇరువురు వనితలు న్యాయస్థానమున కెక్కి 1982లో గెలిచిరి.

ఆదివారము మా నెచ్చెలి యిచ్చిన సల్వారును బూట్లును తొడిగికొని కిండర్ స్కౌట్ కొండకు బయలుదేరితిమి. దాని యెత్తు 2,087 అడుగులు. రాతిగోడలు దాటుటకు మెట్లు; కొండవాలున ఎండి యెఱ్ఱబారిన పొదలు; పైన నల్లని బురద. రెండుమారులు జారిపడితిమి. ఇచ్చటికి నేడెవరైనను రావచ్చును. పూర్వ మట్లుండలేదు. వేటపక్షులకై ధనికులు కొండను కాపలాలో నుంచిరి. 1932 ఏప్రిల్ 24వ తేదీ ఆదివారమున, బెన్నీ రాత్మన్ అను నిరువదేండ్ల యువకుడు ముందు నడువగా, కొన్ని వందలమంది పనివారు హేఫీల్డు పల్లెనుండి కావలివారిని త్రోసికొని యీ కొండ నెక్కిరి. ఐదుగురికి చెఱసాల ప్రాప్తించెను. వారు కోరినదేమి? వారమున కొక్కనాడు నడచుట. 1949లో శాసనము వచ్చెను. 1951లో ఈ ప్రాంతము ఆ దేశపు మొదటి జాతీయోద్యానమయ్యెను. 2000లో కొండలపై స్వేచ్ఛగ నడచు హక్కును శాసనము కలిగించెను. 2002లో నాటి భూస్వామి వంశమువాడగు డ్యూకు, తన పెద్దలు చేసినది తప్పని యందరియెదుట ఒప్పుకొనెను.

కొండపై గాలికి వణకుచు టీ త్రాగితిమి. ఆట, పబ్బు, బాట—మూడును తీరుబడి స్థానములే. మూడును ఎవరికో యొకరికి మూయబడి, యడిగినవారివలన తెరువబడినవే. తీరుబడి దొరకునది యని మే మింతవఱకు తలచితిమి. అడిగి తెచ్చుకొనవలసినదని నాడు తెలిసెను.

ఇంటికి వచ్చిన వారమే మా వారి నడిగితిమి: “బడిలో ఆటలగంటయందు ఆడపిల్లలు వసారాలో గూర్చుందు రేల?” మైదానము చిన్నది, మగపిల్లలకే చాలదనిరి. “వారమున రెండు దినములు మగపిల్లలే వసారాలో గూర్చుండరాదా?” అంటిమి. దిక్కులు మార్చుకొను నియమమును గూడ చెప్పితిమి. ఆ రాత్రి బదులు చెప్పలేదు. నాల్గవనాడు పట్టణమునుండి వచ్చుచు సంచిలో నొక క్రొత్త బంతి తెచ్చిరి. మొదటి శుక్రవారము నలుగురు పిల్లలు వచ్చిరి, ఇప్పుడు తొమ్మండుగురు. జట్టునకు ఇంక ఇద్దరు కావలెను.

మేమును ప్రతి యాదివారము సాయంకాలము చెఱువుకట్టమీద నొక గంట నడచుచున్నాము. “ఏ పనిమీద?” అని మా అత్తగారు మొదట నడిగిరి. “ఊరకనే” అంటిమి. రెండు వారములు మాటలాడలేదు. గత యాదివారము మేము గడప దాటుచుండగా వెనుకనుండి, “నిలువుము, చెప్పులు తొడిగికొని వచ్చెదను” అనిరి.