శిశువుల భాషయు, పెద్దల భ్రమయు

మన విద్యావంతుల గృహములలో నిటీవల నొక విపరీతాచారము ప్రబలుచున్నది. మొన్న మేమొక యింటికి బోయియుంటిమి. ఏడాది నిండని మనుమని నొడిలో గూర్చుండబెట్టుకొని నాయనమ్మ చందమామను జూపి కబుర్లు చెప్పుచుండగా, కుమారుడు వారించి, "వాడితో తెలుగు మాట్లాడకమ్మా. ఇంగ్లీషు పట్టుబడదు. తెలుగు తరువాత వస్తుందిలే" అనెను. ఆమె మిన్నకుండెను. బిడ్డ యెదుటికి ఇంగ్లీషు పాటల ఫోను వచ్చెను.

ఈ తండ్రి బిడ్డ మేలు కోరువాడే. కాని భాష యలవడు విధము నెఱుగడు.

శిశువు చిలుకవలె విన్నదానిని వల్లించునని యాతని తలంపు. "ఇల్లులు" అను పిల్లల మాట మనము విననిదా? పెద్దలెవ్వరు నట్లనరే! బల్లలు, పువ్వులు అను మాటలు విని, బహువచనసూత్రమును బిడ్డ తానే యూహించుకొని యిల్లునకు నన్వయించెను. అది తప్పు గాదు, తర్కము. 1958లో అమెరికాలో జీన్ బెర్కో యను నామె, లేని ప్రాణికి "వగ్" అని పేరిడి చూపగా, ఎన్నడును వినని యా మాటకు సైతము పసివారు బహువచనము గూర్చిరి.

తెలుగు తరువాత వచ్చునట! 1984లో వెర్కర్, టీస్ అను పండితులు ప్రకటించిన పరిశోధనము చూడుడు. ఇంగ్లీషు వినుచు పెరుగు ఆఱెనిమిది మాసముల శిశువులు హిందీలోని త, ట ధ్వనుల భేదమును గుర్తించిరి. ఏడాది సమీపించువారిలో నా శక్తి మిక్కిలి సన్నగిల్లెను. ఊయలనాడే చెవి తన భాష నేర్పఱచుకొనుచున్నది.

ఇక ఫోను నేర్పునందురా? 2003లో పాట్రీషియా కూల్ మొదలగువారు తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చైనాభాష వినిపించిరి. ఎదుట గూర్చుండి యాడించుచు మాటాడినప్పుడు ధ్వనిభేదము పట్టుబడెను. తెరమీద జూపినప్పుడు పట్టుబడలేదు. నేర్పునది మనిషి.

ఇంగ్లీషు వలదని మేమనము. దానిని బోధించియే మేము జీవించుచున్నాము. రెండు భాషల నొక్కమాఱే గ్రహింపగల శక్తి శిశువునకు గలదు. తెలుగును వెడలగొట్టినంతమాత్రమున ఇంగ్లీషు వచ్చి యా చోటు నిండదు. "వాటరు, బాలు" అని నేర్పు నా తండ్రి, అలిగిన బిడ్డను ఆ భాషలో బుజ్జగింపగలడా? తన తల్లికిని తన కొడుకునకును నడుమ మాటయే లేకుండ జేసి, దానికి విద్యయని పేరిడుట న్యాయమా?

చదువరులారా! మీ యింట బిడ్డ "ఇల్లులు" అన్నచో గద్దింపకుడు, "అవును, ఎన్ని ఇళ్ళో!" అని మాట సాగింపుడు. ఫోను ప్రక్కన బెట్టుడు. నాయనమ్మను మాటాడనిండు.