అడవి చింతపండుకు ఆకుపచ్చ ముద్ర ఎవరిస్తారు?

జగ్దల్‌పూర్ నుండి దక్షిణంగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై, జీరం లోయ దాటిన తరువాత వచ్చే చిన్న ఊరు తోంగ్‌పాల్. ప్రస్తుతం ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉన్న ఈ ఊరు 2012 జనవరి వరకు దంతెవాడ జిల్లాలోను, అంతకు పూర్వం అవిభక్త బస్తర్ జిల్లాలోను భాగంగా ఉండేది. ఇదే రహదారి సుక్మా, కుంట, చింతూరుల మీదుగా తెలుగు నేలలో ప్రవేశిస్తుంది. వేసవి ఆరంభంలో బస్తర్ సంతలకు చేరే చింతపండు జగ్దల్‌పూర్ మార్కెట్‌లో బస్తాలకెక్కి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడులకు తరలిపోతుంది. మన ఇంటి పులుసులో, చారులో బస్తర్ చెట్టు కాయ ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియకపోవచ్చు.

ఇటీవలి సంవత్సరాలలో నగరాలలోని అంగళ్లలో 'సేంద్రియం', 'సహజం', 'పర్యావరణ హితం', 'అడవి నుండి నేరుగా' అన్న మాటలతో ఆహార పదార్థాల పొట్లాలు వరుసలు తీరుతున్నాయి. ఈ మాటలున్న పొట్లానికి ధర అధికం. ఆరోగ్యం కోసమో, భూమికి మేలు కలుగుతుందన్న నమ్మకంతోనో కొనుగోలుదారు ఆ అధిక ధరను చెల్లిస్తున్నాడు. అయితే ఎరువు, పురుగుమందు ఎరుగని చెట్టు కింద కాయలు ఏరిన గిరిజన మహిళకు ఆ అధిక ధరలో వాటా దక్కుతున్నదా? పొట్లంపై ఉన్న ముద్ర అసలు దేనికి హామీ ఇస్తున్నది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకచోటే లభిస్తుంది.

ముద్రలు ఎన్ని, అర్థాలు ఏమిటి?

మొదట ఒక అపోహను తొలగించుకోవలసి ఉన్నది. దాదాపు ప్రతి పొట్లంపైనా కనిపించే ఆకుపచ్చ చుక్క కేవలం శాకాహారమని తెలిపే గుర్తు. 2001 నుండి అమలులో ఉన్న ఈ గుర్తుకు, పర్యావరణానికి సంబంధం లేదు. అదే విధంగా 1937 నాటి వ్యవసాయోత్పత్తుల చట్టం కింద లభించే అగ్‌మార్క్ సరుకు నాణ్యతా శ్రేణిని తెలుపుతుందే తప్ప, దాన్ని ఏ పద్ధతిలో పండించారో తెలుపదు. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఆ వ్యాపారి చట్టబద్ధంగా నమోదైనట్లు మాత్రమే సూచిస్తుంది. ఈ మూడూ అవసరమైనవే గాని, సేంద్రియానికి సాక్ష్యాలు కావు.

సేంద్రియ ఆహారానికి చట్టపరమైన నిర్వచనం 2017లో వెలువడిన ఆహార భద్రత, ప్రమాణాల (సేంద్రియ ఆహార) నిబంధనల ద్వారా లభించింది. 2018 జూలై 1 నుండి ఇవి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం సేంద్రియమని చెప్పి అమ్మే సరుకుకు రెండు వ్యవస్థలలో ఒకదాని ధ్రువీకరణ ఉండాలి. మొదటిది వాణిజ్య మంత్రిత్వ శాఖ పరిధిలోని అపెడా నిర్వహించే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. ఇందులో గుర్తింపు పొందిన స్వతంత్ర సంస్థ పొలాన్ని, నిల్వలను, పుస్తకాలను తనిఖీ చేస్తుంది. 'ఇండియా ఆర్గానిక్' ముద్ర దీనికి చెందినదే. రెండవది వ్యవసాయ మంత్రిత్వ శాఖ పరిధిలోని భాగస్వామ్య హామీ వ్యవస్థ. ఇందులో రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలించి పూచీ పడతారు. సేంద్రియ పద్ధతికి మారే దశలో ఉన్న సరుకుకు 'గ్రీన్' ముద్రను, మార్పిడి పూర్తయిన సరుకుకు 'ఆర్గానిక్' ముద్రను ఇస్తారు. కనుక 'గ్రీన్' అన్న మాటను చూసి పూర్తి సేంద్రియమని భావించరాదు.

ఈ రెండు వ్యవస్థల సరుకుకూ ఉమ్మడిగా ఆహార భద్రతా సంస్థ 'జైవిక్ భారత్' ముద్రను ప్రవేశపెట్టింది. కాగా, ఇండియా ఆర్గానిక్, జైవిక్ భారత్ ముద్రలను ఏకం చేయాలన్న నిర్ణయం కూడా అనంతరం వెలువడింది. ముద్ర రూపం ఎలా మారినప్పటికీ, దాని పక్కన ధ్రువీకరణ సంస్థ పేరు, గుర్తింపు సంఖ్య ఉన్నవా లేవా అన్నదే కొనుగోలుదారు చూడవలసిన విషయం.

చిన్న ఉత్పత్తిదారులు తమ సరుకును వినియోగదారునికి నేరుగా అమ్ముకునే సందర్భంలో ధ్రువీకరణ నుండి నిబంధనలు మినహాయింపు కల్పించాయి. అయితే వారు జైవిక్ భారత్ ముద్రను వాడుకునే వీలు లేదు. తోంగ్‌పాల్ వంటి ప్రాంతాల ఉత్పత్తిదారుల దృష్ట్యా ఇది గమనించదగిన అంశం. సంతలో నేరుగా అమ్మినంతకాలం వారిని ఎవరూ ప్రశ్నించరు. సరుకు దళారి చేతిలో పడి దూరప్రాంతపు అంగడికి చేరేసరికి మాత్రం దాని స్వచ్ఛతకు సాక్ష్యం ఉండదు.

అడవి సరుకుకు అసలు చిక్కు

అటవీ సరుకుకు ధ్రువీకరణ అసాధ్యమేమీ కాదు. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమంలో అటవీ సేకరణకు ప్రత్యేక నియమాలున్నాయి. సేకరణ ప్రాంతపు హద్దులు స్పష్టంగా గుర్తించి ఉండాలి. ఆ ప్రాంతంలో నిషిద్ధ రసాయనాలు వాడి ఉండరాదు. చెట్టు, అడవి తిరిగి కోలుకోగలిగినంత మేరకే సేకరణ జరగాలి. అపెడా లెక్కల ప్రకారం 2024 మార్చి నాటికి దేశంలో ధ్రువీకరణ పరిధిలో ఉన్న సుమారు 73 లక్షల హెక్టార్లలో దాదాపు 28 లక్షల హెక్టార్లు అటవీ సేకరణ ప్రాంతమే.

నియమం కాగితంపై సరళంగానే ఉన్నా, ఆచరణలో కష్టం. చింతచెట్లు ఒకచోట తోటలుగా ఉండవు. ఇంటి పెరడులో, పొలం గట్టుపై, అడవి అంచున విడివిడిగా ఉంటాయి. ఒక్కో కుటుంబం ఏరిన కాయలు కొద్ది కిలోలుగా సంతకు వస్తాయి. అక్కడి చిన్న వ్యాపారి పది ఊళ్ల సరుకును ఒకే గుట్టగా పోస్తాడు. జగ్దల్‌పూర్ చేరేసరికి ఏ బస్తా ఏ ఊరిదో చెప్పగల వారుండరు. ధ్రువీకరణకు కావలసినదల్లా ఆ వివరమే. ఏ చెట్టు, ఏ ఊరు, ఏ తేదీ, ఎంత తూకం అన్న రాత లేనిదే తనిఖీ అధికారి ముద్ర వేయజాలడు. రసాయనం సోకని సరుకుకు రాత లేదు. రాత ఉన్నచోట సరుకు ధర హెచ్చు. ఈ వైపరీత్యం వల్ల నష్టపోతున్నది సేకరించే కుటుంబమే.

హక్కు విషయంలో చట్టాలకు కొదవ లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం 1996లోను, అటవీ హక్కుల చట్టం 2006లోను చిన్నతరహా అటవీ ఫలసాయంపై స్థానికులకు యాజమాన్యాన్ని గుర్తించాయి. 1990ల చివర బస్తర్ జిల్లా యంత్రాంగం చింతపండు వ్యాపారాన్ని దళారుల నుండి తప్పించి గ్రామ సంఘాల ద్వారా కొనుగోలు జరిపించేందుకు ప్రయత్నించింది. చిన్నతరహా అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో ప్రారంభించింది. గింజతో కూడిన చింతపండుకు ఈ ధరను 2020లో కిలోకు 36 రూపాయలుగా నిర్ణయించింది. 2018 ఏప్రిల్ 14న పొరుగున ఉన్న బీజాపూర్‌లో దేశంలోని తొలి వన్ ధన్ కేంద్రాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. సేకరించిన సరుకును అక్కడే శుభ్రపరచి, విలువ పెంచి అమ్మడం ఈ కేంద్రాల ఉద్దేశం.

పెంకు, ఈనెలు, గింజ తీసివేసిన చింతపండుకు గింజతో ఉన్న దానికంటే ధర ఎక్కువ. ఆ పని చేసేది ప్రధానంగా మహిళలే. మద్దతు ధరకు, నగరంలోని సేంద్రియ పొట్లం ధరకు మధ్య ఉన్న దూరాన్ని పాఠకులు తమ వీధి అంగడిలోనే కొలుచుకోవచ్చు. ఆ దూరంలో రవాణా, తరుగు, శీతల గిడ్డంగి, పొట్లం కట్టడం వంటి న్యాయమైన ఖర్చులు కొన్ని ఉన్నాయి. మిగిలినది ముద్రకూ, నమ్మకానికీ చెల్లించే ధర. ఆ ముద్ర ఎవరి పేరున ఉన్నదో ఆ ధర వారికే చేరుతుంది.

దంతెవాడ, అరకు చెబుతున్నది

ఈ చిక్కుకు ఒక పరిష్కారం తోంగ్‌పాల్‌కు పొరుగునే కనిపిస్తున్నది. సాధారణ నిబంధనల ప్రకారం ఒక పొలం సేంద్రియంగా గుర్తింపు పొందేందుకు ఏడాది పంటలకు 2 సంవత్సరాలు, బహువార్షిక పంటలకు 3 సంవత్సరాలు వేచి ఉండాలి. తరతరాలుగా రసాయనాలు ఎరుగని ప్రాంతాలకు ఈ నిరీక్షణ అర్థరహితం. ఈ నేపథ్యంలో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ అటువంటి ప్రాంతాలను మొత్తంగా పరిశీలించి ధ్రువీకరించే విధానాన్ని చేపట్టింది. అండమాన్ నికోబార్ దీవులలోని కార్ నికోబార్, నాన్‌కౌరీ ప్రాంతాలు 2021లో తొలుత ఈ గుర్తింపు పొందాయి. అనంతరం దంతెవాడ జిల్లాలో 50 వేల హెక్టార్లకు పైగా భూమిని ఈ విధానం కిందికి తెచ్చారు. ఒక్కొక్క రైతు విడివిడిగా రుసుము చెల్లించి, దస్త్రాలు మోయవలసిన భారం దీనివల్ల తగ్గుతుంది.

తెలుగు ప్రాంతంలోని అరకు కాఫీ మరొక పాఠం చెబుతున్నది. అక్కడి గిరిజన రైతుల సహకార సంఘం సేంద్రియ ధ్రువీకరణ పొందింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం వెలిసింది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరే సరుకు పేరుగా మారినప్పుడు మూలం దాగదు. బేరమాడే శక్తి ఊరికి ఎంతో కొంత వస్తుంది. తోంగ్‌పాల్‌కు సమీపంలోని దర్భాలో 2017 నుండి కాఫీ సాగు చేపట్టి 'బస్తర్ కాఫీ'గా ప్రచారంలోకి తేవడం కూడా ఈ బాటలోనిదే. చింతపండుకు మాత్రం అటువంటి పేరు ఇంకా స్థిరపడలేదు. కొనేవారికి అది కేవలం 'కొత్త చింతపండు' లేక 'పాత చింతపండు' మాత్రమే.

ముద్ర ఉన్నంత మాత్రాన

ముద్ర ఉంటే చాలునని భావించడం కూడా పొరపాటే. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 13 కంపెనీల తేనెలను పరీక్షించగా, అన్ని పరీక్షలలోనూ నెగ్గినవి మూడేనని ప్రకటించింది. భారత ధ్రువీకరణపై ఆధారపడి సేంద్రియ సరుకును అనుమతించే ఏర్పాటును 2021లో అమెరికా రద్దు చేసుకున్నది. మన దేశంలోని కొన్ని ధ్రువీకరణ సంస్థలకు ఐరోపా సమాజం అదే ఏడాది గుర్తింపును ఉపసంహరించింది. తనిఖీ వ్యవస్థ సడలితే దాని ఫలితాన్ని నిజాయితీగా సాగు చేసిన రైతు సైతం అనుభవించవలసి వస్తుందని ఈ ఉదంతాలు హెచ్చరిస్తున్నాయి.

కేవలం మాటల గారడీకి కళ్లెం వేసేందుకు కూడా చర్యలు మొదలయ్యాయి. 'సహజం', 'స్వచ్ఛం', 'సాంప్రదాయికం' వంటి పదాలను ఇష్టానుసారం వాడరాదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు శాసించాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పర్యావరణపరమైన బూటకపు ప్రచారాన్ని అరికట్టేందుకు మార్గదర్శకాలను జారీ చేసింది. 'పర్యావరణ హితం', 'గ్రీన్' వంటి మాటలు వాడే కంపెనీ తగిన వివరణను, ఆధారాన్ని చూపవలసి ఉంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, తిరిగి అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. 1991లోనే కేంద్ర పర్యావరణ శాఖ మట్టికుండ గుర్తుతో 'ఎకోమార్క్' పథకాన్ని ప్రవేశపెట్టినా అది సామాన్యునికి చేరువ కాలేదన్న అనుభవం మరువరాదు. 2024లో దానికీ కొత్త నిబంధనలు వచ్చాయి. గుర్తులను ప్రవేశపెట్టడం సులభం. వాటిని ప్రజలు చదవగలిగేటట్లు చేయడం కష్టం.

కొనేవారి చేతిలో ఉన్నది

ఈ పరిస్థితులలో సామాన్య కొనుగోలుదారు చేయదగినవి కొన్ని ఉన్నాయి. సేంద్రియమని రాసి ఉన్నప్పుడు ధ్రువీకరణ సంస్థ పేరును, సంఖ్యను వెదకాలి. అవి లేని పొట్లానికి అధిక ధర చెల్లించవలసిన అవసరం లేదు. 'అడవి', 'గిరిజన' అన్న పదాలు కనిపిస్తే సరుకును తయారు చేసినవారి చిరునామా చదవాలి. గిరిజన సహకార సంస్థ, ట్రైఫెడ్, ఛత్తీస్‌గఢ్ అటవీ ఉత్పత్తుల సమాఖ్య, మహిళా సంఘాలు, ఉత్పత్తిదారుల కంపెనీలు కొని అమ్మే సరుకులో సేకరించిన వారికి ముట్టే వాటా గురించి కనీసం అడిగే చోటు ఉంటుంది. పేరు తెలియని వ్యాపారి పొట్లంలో ఆ అవకాశం లేదు. ముద్ర లేని విడి చింతపండు చెడ్డదన్న అభిప్రాయానికి కూడా రావలసిన పని లేదు. దాని మంచితనం రుజువు కాలేదంతే.

ప్రభుత్వాల బాధ్యత ఇంతకన్న పెద్దది. పొలాలకు దంతెవాడలో జరిగినట్లు అటవీ సేకరణ ప్రాంతాలకు కూడా గ్రామసభ పేరున ఉమ్మడి ధ్రువీకరణ ఇప్పించవచ్చు. సంతలోనే ఊరివారీగా తూకం, రాత ప్రారంభించవచ్చు. ఆ ఖర్చును సేకరించే కుటుంబంపై మోపకుండా ప్రభుత్వమే భరించాలి. మద్దతు ధర చివరి ధర కాదు, మొదటి మెట్టు మాత్రమేనన్న దృష్టి ఏర్పడాలి.

తోంగ్‌పాల్ మీదుగా దక్షిణానికి సాగే లారీలలో వచ్చే సరుకు పులుపు మనకు తరతరాలుగా పరిచయమే. ఆ ఊరి పేరు కూడా బస్తాతో పాటు ప్రయాణించిన నాడు ముద్రకు అర్థం, కాయ ఏరిన చేతికి ఫలం దక్కగలవు.