వస్త్రసంస్థల సహకారము

వస్త్రములు నేయించు సంస్థలును, అమ్మెడి సంస్థలును ఏకమై, పాతబట్టను పాఱవేయక మరల నూలుగా మార్చెదమనియు, అద్దకపు నీటితో నదులను చెఱుపమనియు ప్రతిజ్ఞలు చేయుచున్నవి. సంకల్పము శ్లాఘనీయమే. చిఱిగిన చీరలను బొంతగా కుట్టుకొనిన జాతికి ఈ ధర్మము క్రొత్తదియు గాదు. కాని యిందులకగు వ్యయము నెవ్వరు భరింతురను ప్రశ్నకు సమాధానము లభించువఱకు మేమీ ప్రతిజ్ఞలను నమ్మజాలము.

తిరుప్పూరు సంగతి చూడుడు. తెలుగు రైతు పండించిన ప్రత్తి తమిళనాటి మిల్లులకును చేరుచున్నది గనుక ఆ పట్టణము మనకు పరాయిది గాదు. అచటి అద్దకపు నీరు నొయ్యలు నదిలో గలిసి, దిగువనున్న ఒరత్తుప్పాళయము జలాశయము సేద్యమునకు పనికిరాకుండ పోయెను. ఆయకట్టు రైతులు న్యాయస్థానముల కెక్కిరి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు కార్ఖానాలను మూసివేయవలసినదని ఆజ్ఞాపించెను. వందలకొలది కార్ఖానాలు మూతపడెను. పిదప యజమానులు ఉమ్మడి శుద్ధికేంద్రములను చక్కబఱచుకొని, మురుగును వడపోసి, నీటిని, ఉప్పును వేఱుచేసి మరల అద్దకమునకే వాడుకొనవలసివచ్చెను. ఇది నిజమైన సహకారము. అయినను ఈ శుద్ధివ్యయము బట్ట వెలలో చేరినపుడు విదేశపు కొనుగోలుదారుడు ఇంకను చౌకగా నిచ్చువానిని వెదకుకొనిపోయినచో, నదిని కాపాడినవాడు నష్టపడును, చెఱచినవాడు బాగుపడును.

పాతబట్ట విషయమునను ఇట్లే జరిగెను. స్వీడను దేశపు సుండ్స్‌వాల్ పట్టణమున రెన్యూసెల్ అను సంస్థ వాడిన నూలుబట్టలను గుజ్జుగా మార్చి, క్రొత్త దారమునకు పనికివచ్చునట్లు చేయు కర్మాగారమును 2022లో తెఱచెను. పేరుగన్న వర్తకసంస్థలు కొనియాడినవి. ఆర్డరులు మాత్రము చాలినన్ని రాలేదు. 2024 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసెను. అదే సంవత్సరము దానిని ఇతరులు కొనిరి గాని, నాటి వాగ్దానములు నీటిమూటలే యయ్యెను.

మనకు మార్గదర్శకము లేకపోలేదు. 1935లో అఖిల భారత చరఖా సంఘము, గాంధీజీ ప్రేరణచే, నూలు వడుకువారికి కనీసపు కూలి ముట్టవలెనని తీర్మానించెను. ఖద్దరు వెల పెరుగునని తెలిసియే ఆ తీర్మానమునకు పూనుకొనెను. బట్ట కట్టువాడు దాని న్యాయమైన వెల నీయవలెనని దాని యర్థము.

కావున మేము కోరునది సభలును, ప్రకటనలును గాదు. ఇన్ని సంవత్సరములు, ఇంత సరకు, ఇంత వెలకు కొనెదమని వర్తకసంస్థలు ఉత్పత్తిదారులకు వ్రాతపూర్వకముగా కట్టుబడవలెను. నూలుతో పాలియెస్టరు కలిసిన బట్టను మరల విడదీయుట దుష్కరము గనుక, నేయకముందే దాని కడపటిగతి నాలోచింపవలెను. బడిపిల్లలకు దుస్తులును, ఆసుపత్రులకు దుప్పట్లును కొనెడి మన ప్రభుత్వములు కొంత భాగమైనను ఇట్టి నూలుతో నేసినవే కొనవలెను. పాఠకులును చౌకబట్ట కొనుటకు ముందు, తగ్గిన ఆ వెల నెవ్వరు చెల్లించుచున్నారో విచారింతురుగాక!